గోంగూర మడి మీద గచ్చు

మీరే చేశారు. ఈ లైనులో ఉన్న ప్రతి క్వార్టరు వాళ్లూ చేశారు. ఇంటి వెనుక చారెడు మన్ను కనపడితే చాలు, దాని మీద సిమెంటు పోసి, తాపీతో రుద్ది, అద్దం లెక్క ఉన్నదని మురిశారు. వాన నీళ్లు ఎటు పోవాలి, మన్ను కావలసిన జీవి ఎటు పోవాలి అని ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. చివరికి నోరులేనిది ఒకటి మీ గచ్చు మీద గోళ్లరిగేదాకా గీకితే, అది పారిపోతున్నదన్నారు. తీగ తెచ్చి కట్టారు. సదయ్య కూడా మీలో ఒకడే. అతన్ని వెనకేసుకొచ్చేది లేదు.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బొగ్గు బాయిలన్నీ బంద్. బాయిలో కప్పు కింద దిమ్మెలు నిలబెట్టే టింబర్‌మన్ సదయ్య, పెళ్లయ్యాక మొదటిసారి వరసగా ఇన్ని పగళ్లు ఇంట్లో ఉన్నాడు. పొద్దున చౌరస్తాలోని సమ్మె శిబిరానికి పోయి కూర్చునేవాడు. ఎండెక్కేసరికి ఇంటికొచ్చి, వెనుక మెట్టు మీద చాయ గ్లాసుతో కూలబడేవాడు. ఎదురుగా నల్లా, నల్లా కింద సిమెంటు హౌజు, హౌజులో తాబేలు.

ఆ తాబేలు ఏండ్లుగా ఇంట్లోనే ఉంది. కానీ పగటిపూట అది ఏం చేస్తుందో సదయ్య చూసింది లేదు. రొట్టె పెనమంత ఉంటుంది, బొగ్గు నలుపు. పెంకు అంచున ఒక రంధ్రం. అంగట్లో ఎవడో ఆ రంధ్రంలో తీగ దూర్చి, బండి చక్రానికి కట్టేసి అమ్ముతుంటే సదయ్యే కొని, అక్కడికక్కడే తీగ తెంపి తెచ్చాడు. బాయిలో పట్టాల మీద నడిచే, తాడు తగిలించే కొక్కెం ఉన్న బొగ్గు టబ్బులా ఉన్నదని టబ్బుగాడు అని పేరు పెట్టాడు.

ఆ రోజు టబ్బుగాడు హౌజులో ఎక్కి కూర్చోవడానికి పెట్టిన ఇటుకల మీదికొచ్చి, అక్కడితో ఆగకుండా గోడ అంచు పట్టుకుని అవతలికి పడ్డాడు. గచ్చు మీద టప్పుమని చప్పుడైంది. కాసేపు కదలలేదు. తర్వాత లేచి గోడ వెంట మూలకు పోయి, అక్కడ గీకడం మొదలుపెట్టాడు. సదయ్య తీసి హౌజులో వేశాడు. చాయ అయిపోకముందే మళ్లీ టప్పుమంది. మళ్లీ వేశాడు. పరక చేపల తలలు వేసి చూశాడు. టబ్బుగాడు వాసన కూడా చూడలేదు.

“టబ్బుగాడు తింటలేడే” అన్నాడు.

“సమ్మెల ఉన్నడు” అంది భార్య సారవ్వ, గిన్నెలు తోముతూ. “నువ్వు బాయికి పోతలేవు, వాడు తిండి తింటలేడు. ఇద్దరు గల్సి తెలంగాణ తెస్తరు.”

“నవ్వులాట గాదే. వాడు ఉరుకుతున్నడు.”

“ఉరకనియ్యి. మందమర్రి దాక పోతడా?”

సదయ్య నవ్వలేదు. మర్నాడూ అదే పని. ఎత్తుకుంటే చేతిలోనే ఈదినట్టు కాళ్లు కొట్టుకోవడం, దించితే మూలకు పోవడం. పెంకు కింది భాగం గచ్చుకు రాసుకుని తెల్లగా గీతలు పడ్డాయి. చూస్తున్న కొద్దీ సదయ్యకు పాత భయం ఒకటి తిరిగొచ్చింది. అది బాయి భయం.

బాయి లోపల ఎలుకలుంటాయి. అన్నం మూటలు తెంపుకుపోతాయని కార్మికులు తిట్టుకుంటారే గాని చంపరు. అవి ఒక్కసారిగా ఉరికాయంటే కప్పు దిగబోతున్నదని లెక్క. మనిషి చెవికి వినపడని పగులు వాటి కాళ్లకు తెలుస్తుంది. ఓసారి సదయ్య సద్ది మూట విప్పుకుని కూర్చుంటే ఎలుకలన్నీ అతని కాళ్ల మీదుగా ఉరికాయి. మూట అక్కడే వదిలి వాటి వెంట ఉరికాడు. వెనక రాయి పడిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. అట్లాంటి మనిషికి, ఇన్నేండ్లూ గడప దాటని తాబేలు ఇల్లు విడిచి పోతానంటే ఇంకేం తోస్తుంది?

“సారవ్వా, మంచాలు బయట ఎయ్యి” అన్నాడు పొద్దుగూకేసరికి. “గీ కాలనీ కింద తవ్వి ఇడిసిపెట్టిన పాత బాయి గల్లీలున్నయంటరు. భూమి దిగేటట్టున్నది. దానికి ఎరుకైంది.”

“నీకు బాయి బందైనా బాయి పిచ్చి పోలే.”

“నేను ఎలుకల ఎంబడి ఉరికినోణ్ని. అందుకే నీ మెడల పుస్తెలున్నయి. ఎయ్యి మంచాలు.”

పుస్తెల మాట వచ్చాక సారవ్వే మంచం ఒక కొస పట్టింది. మంచాలు వీధిలో పడ్డాయి. బియ్యం డబ్బా కూడా బయటికొచ్చింది. పక్క క్వార్టరు ఫిట్టరు లింగమూర్తి చూసి, అడిగి, తలకాయ గోక్కుని, నవ్వుతూనే తన మంచమూ బయటికి లాగాడు. తర్వాత ఎదురింటివాళ్లు, వాళ్ల పక్కవాళ్లు. బువ్వ వేళకు లైనంతా వీధిలో ఉంది. ఒకరి ఇంటి కూర ఇంకొకరి కంచంలోకి పోయింది. నేల సంగతి మరిచి నవ్వులు మొదలయ్యాయి. ముసలి సమ్మవ్వ ఒక్కతే అరుగు దిగలేదు.

“భూమి దిగితె ఇంట్ల ఉన్నోడే పోతడారా? మంచం మీదున్నోడు గాలిల నిలుస్తడా?” అని అడిగింది. అయినా ఎవరూ లోపలికి పోలేదు.

తెల్లారింది. ఇండ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. మంచాలు మోసుకుపోతూ ఒక్కొక్కరు ఒక్కో మాట విసిరారు. “సదన్నా, ఇయ్యాల ఎలుక ఏమన్నది?” అని ఒకరు. “భూమి గూడ సమ్మెల ఉన్నట్టుంది, పని చెయ్యలే” అని ఇంకొకరు. సదయ్య ముఖం చిన్నబోయింది.

ఆ చిన్నబోయిన ముఖం చూసే లింగమూర్తి లోపలికొచ్చాడు. చేతిలో బైండింగ్ వైరు చుట్ట, కటింగ్ ప్లేయరు.

“బావా, దిగేది భూమి గాదు. తాబేలంటె లక్ష్మి. ఉత్తరం దిక్కు హౌజుల ఉన్నన్నొద్దులు నీకు మంచిగనే ఉండె. ఇప్పుడు అది గడప దాటితె నీ ఇంట్ల ఇంక కలిసిరాదు. రంధ్రం ఎట్లనూ ఉన్నది. ఇంత తీగ ఏసి నల్లా పైపుకు కట్టు. ఫికర్ ఉండది.”

“నొస్తది గదా.”

“పెంకుకు నొప్పేంది? గోరుకు నొస్తదా?”

సదయ్య అప్పుడు వద్దనాల్సింది. అనలేదు. తాబేలును పట్టుకుని వెల్లకిల తిప్పి పెట్టింది అతనే. లింగమూర్తి తీగ దూర్చి మెలేస్తుంటే, తాబేలు వెనుకకాళ్లు సదయ్య మణికట్టును ఒకదాని తర్వాత ఒకటి తోస్తూనే ఉన్నాయి. అంగట్లో తీగ తెంపిన చేయే ఇప్పుడు తీగ కట్టడానికి ఆసరా ఇచ్చింది. లోకం నవ్వుతుందని భయపడ్డ మనిషి ఎంత పనైనా చేస్తాడు.

మధ్యాహ్నం ఎండలో సదయ్య మళ్లీ మెట్టు మీద కూర్చున్నాడు. చాయ చల్లారిపోతున్నది. తాబేలు తీగ ఎంతవరకు వస్తే అంతవరకు పోయింది. మూల ఇంకా జానెడు దూరం ఉంది. లాగింది. తీగ బిగిసింది. మళ్లీ లాగింది. రంధ్రం దగ్గర పెంకు అంచు చిట్లి ఎర్రగా తడి కనిపించింది. సదయ్య గ్లాసు కింద పెట్టాడు.

అప్పుడది లాగడం మానింది. నెమ్మదిగా వెనక్కి తిరిగింది. ముఖం హౌజు వైపు, తోక మూల వైపు. ముందుకాళ్లు గచ్చు మీద గట్టిగా ఆనించి, కుడి వెనుకకాలుతో ఒక గీకు, ఎడమ వెనుకకాలుతో ఒక గీకు. కుడి, ఎడమ. గచ్చు మీద ఊడింది ఏమీ లేదు. అయినా లేని మన్నును పాదంతో ఒడిసిపట్టి పక్కకు తోసినట్టే తోస్తున్నది. బాయిలో పారతో బొగ్గు ఎత్తేవాళ్లను జీవితమంతా చూసినవాడు సదయ్య. తొందరలో ఉన్నవాడు ఎట్లా ఎత్తుతాడో, పని తెలిసినవాడు ఎట్లా ఎత్తుతాడో చూపుతోనే చెప్పగలడు. ఇది తొందరపడటం లేదు.

“సారవ్వా, జర ఇటు రా.”

ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

“పారిపోయేటోడు మొఖం ఎటు పెడ్తడే?”

“పోయేదిక్కు పెడ్తడు.”

“మరి ఇదేంది ముడ్డి పెట్టింది? ముందుకాళ్లు ఇడిసిపెట్టి ఎనుకకాళ్లతోని తవ్వుతున్నది. ఎనుకకాళ్లతోని తవ్వి ఎవడన్న ఉరుకుతడా?”

సారవ్వ వంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తాబేలును కాదు, దాని కింది గచ్చును చూసింది.

“గీడ నా గోంగూర మడి ఉండె.”

“ఉండె. గచ్చు పోసినం గదా ఎండకాలంల.”

“అది గాదయ్యా. వానలు పడ్డంక ఏటేట వీడు హౌజు దిగి గోంగూరల దొరుకుతుండె. షికారుకు పోయిండని మనం నవ్వుతుంటిమి. ఓసారి నేను మడి తవ్వుతుంటె తెల్లటి గుడ్లు ఎల్లినయి, పొడుగ్గ. పాము గుడ్లని బెదిరి గోడ అవుతల పారేసిన.”

సదయ్య మెట్టు దిగి వచ్చాడు.

“వీడు మొగోడు గదనే.”

“ఎవ్వలన్నరు? నువ్వు చూసి పెట్టినవా పేరు?”

సదయ్య తాబేలు పక్కన గొంతుకూర్చున్నాడు. ప్లేయరు కోసం పోకుండా వేళ్లతోనే తీగ మెలికలు విప్పాడు. చివరి మెలిక విప్పేటప్పుడు తీగ కొస గోటి కింద గుచ్చుకుంది. పట్టించుకోలేదు. గంపలో తడి గోనె పరిచి, తాబేలును అందులో పెట్టుకుని చౌరస్తాకు నడిచాడు.

పశువుల దవాఖాన తాళం వేసి ఉంది. సమ్మె కదా. డాక్టరమ్మ ప్రవల్లిక శిబిరంలోనే ఉంది. మంథని అమ్మాయి, కొలువులో చేరి ఎంతో కాలం కాలేదు. టెంటు కింద టీచర్లకూ బాయి కార్మికులకూ మధ్య జంపఖానా మీద కూర్చుంది. గంపలోకి తొంగిచూసిన వాళ్లంతా మొదలుపెట్టారు.

“ఏంది సదన్నా, తాబేలును గూడ శిబిరంల కూసోబెడ్తవా?”

“అది తిండి బంద్ పెట్టిందట. మనకంటె నయం. మనం మధ్యాన్నం పులిహోర తింటిమి.”

మైకు దగ్గరున్న యూనియన్ నాయకుడు భూపాల్ అందరినీ నోరు మూయమన్నాడు. మైకులోనే అన్నాడు కాబట్టి చౌరస్తా అంతా మూసుకుంది.

“కాకా, నిజం చెప్తున్న, బర్లను మేకలను చూసుడే గాని తాబేలును నేను ఎన్నడు పట్టలే” అంది ప్రవల్లిక. “మా చదువుల ఒక పేజీ ఉండె. గంతే. పట్టు చూద్దాం.”

సదయ్య పట్టుకున్నాడు. ఆమె వెనుక తొడ ముందున్న మెత్తటి సందులో వేలు పెట్టి, కళ్లు మూసుకుని, మెల్లగా లోపలికి నొక్కింది. ఇంకో పక్క కూడా చూసింది. కళ్లు తెరిచేసరికి ఆమె ముఖం మారిపోయింది.

“గట్టిగ తగులుతున్నయి. గుడ్లే. బరువుతోని ఉన్నది కాకా మీ టబ్బుగాడు.”

టెంటు గొల్లుమంది. నవ్వు ఆగాక సదయ్య అడిగాడు. “ఇంట్ల ఇదొక్కతే గదమ్మా. జోడు లేదు.”

“ఫారం కోడికి పుంజు ఉంటదా? రోజు పెడ్తలేదా? ఇది గూడ గట్లనే. పిల్లలు కావు కావచ్చు. కాని పెట్టుడు మాత్రం ఆగది. నీళ్లల్ల పెట్టదు, సిమెంటు మీద పెట్టదు. తవ్వుకునే మన్ను కావాలె దానికి.”

“మన్ను దొరకకుంటె?”

“పట్టుకోని తిరుగుతది. తిరిగి తిరిగి తిండి మానుతది. లోపల పగిలిందంటె ఇంక చచ్చిపోతది.” ఆమె దవాఖాన వైపు చూసింది. “రేపు పొద్దుగాల దాక పెట్టకుంటె తీసుకరా. సూది మందు లోపలున్నది. తాళం తీస్త. వీళ్లు ఏమన్న అననియ్యి.”

“ఎవ్వలంటరు మేడం?” అన్నాడు భూపాల్. “కాన్పు మీద సమ్మె ఏంది?”

ఇంటికొచ్చి సదయ్య మూల గచ్చు ముందు నిలబడ్డాడు. తన చేతులతో వేసిన గచ్చు అది. రుద్ది రుద్ది నునుపు చేసి, తాడు ఒత్తి గళ్లు దింపాడు. లైనులో నలుగురూ వచ్చి చూసి పోయారు. గడ్డపార ఎత్తాడు గాని దించలేకపోయాడు.

“బురద బురదని నేనే పోయించిన” అంది సారవ్వ వెనుక నుంచి. “నాకే లేదు బాధ, నీకెందుకు? ఎయ్యి.”

వేశాడు. మొదటి పోటుకు బీట కూడా పడలేదు. మంచి పని చేశాడు మరి. చప్పుడుకు లింగమూర్తి వచ్చాడు. నడుముకు చెయ్యి పెట్టుకుని కాసేపు చూశాడు. కారణం విని, “తాబేలు కోసం గచ్చు పలగ్గొట్టినోణ్ని నిన్నే చూస్తున్న బావా” అంటూ ఇంటికి పోయి పెద్ద సుత్తె తెచ్చాడు. ఒకరు గడ్డపార నిలబెట్టి పట్టుకుంటే ఒకరు సుత్తెతో కొట్టారు. మంచం పట్టేంత మేర పెళ్లలు లేచాయి. కింద ఇటుక ముక్కలూ బొగ్గు బూడిదా దిమిసా చేసి గట్టిగా ఉన్నాయి. అవి తట్టలకెత్తి పారబోశారు. గోంగూర వేర్లు ఇంకా అడుగు మన్నులో ఉన్నాయి, ఎండి దారాల్లా.

సదయ్య సైకిలు మీద గోనె సంచుల్లో కాలువ గట్టు మన్ను తెచ్చాడు. లింగమూర్తి ఇంటి ముందు మిగిలి ఉన్న ఇసుక కలిపాడు. నీళ్లు చల్లి, పిడికిట పట్టి పిసికి చూశాడు. విడిపోయింది. ఇంకొంచెం మన్ను, ఇంకొంచెం నీళ్లు. మళ్లీ పిసికాడు. ముద్ద నిలిచింది. అందులో వేలు గుచ్చి తీశాడు. రంధ్రం కూలలేదు.

“అది తవ్వే బాయికి కప్పు నిలవాలె గదా” అన్నాడు. పొద్దటి నుంచి అతను నవ్వడం అదే మొదటిసారి.

హౌజు అవతలి పక్క కూడా ఇటుకలు మెట్లుగా పేర్చాడు, ఈసారి పడకుండా దిగాలని. గంపలోంచి తాబేలును హౌజులో వదిలి అందరూ దూరంగా జరిగి కూర్చున్నారు. ఎత్తి మన్ను మీద పెడదామని లింగమూర్తి అంటే సారవ్వ వద్దంది. “నొప్పులు వచ్చేదానికి ఎరుక. నీకేం ఎరుక?”

పొద్దు వాలింది. ఎండ గోడ మీదికెక్కి ఎర్రబడింది. పేరులో ‘గాడు’ ఊడిపోయిన టబ్బు, హౌజు అంచుకొచ్చింది, ఆగింది, ఇటుకల మీద ఒక్కో మెట్టే దిగింది. తడి మన్ను అంచు దగ్గర మెడ చాచి ముక్కు ఆనించింది. అట్లాగే చాలాసేపు ఉంది. దాని గొంతు కింద చర్మం ఎగిరెగిరి పడుతున్నది. తర్వాత మన్ను మీదికెక్కి ఒక చుట్టు తిరిగి, వెనక్కి తిరిగి, తోక కింద నీళ్లు వదిలి మన్ను తడుపుకుంది. కుడికాలు దిగింది. ఈసారి పాదంలోకి మన్ను వచ్చింది. దాన్ని పైకి తెచ్చి పక్కన పెట్టింది, విసిరేయలేదు. ఎడమకాలు దిగింది.

గోడ మీద నుంచి లైను జనం చూస్తున్నారు. పొద్దున ఎకసెక్కాలాడిన వాళ్లే. సమ్మవ్వ కూడా అరుగు దిగివచ్చి సారవ్వ పక్కన గొంతుకూర్చుంది. వెనుకకాళ్లు అందినంత లోతు తవ్వాక తాబేలు ఆగింది. మెడ ముందుకు సాగింది. తెల్లటి పొడుగు గుడ్డు గుంటలోకి జారింది. అది కింద పడకుండా వెనుకకాలు పట్టి, నెమ్మదిగా అడుక్కి దించింది. మళ్లీ ఒకటి. మళ్లీ.

“నా తల్లే” అంది సమ్మవ్వ.

గుంట పూడ్చడం పెట్టడం కంటే ఎక్కువసేపు పట్టింది. మన్ను కాళ్లతో లాగి, కడుపుతో ఒత్తి, లేచి, మళ్లీ ఒత్తింది. అయిపోయాక చూస్తే గుంట ఎక్కడుందో చూసినవాళ్లకే తెలియకుండా పోయింది. తట్టలు మోయడానికి తీసిన వెనుక దర్వాజ బార్లా తెరిచే ఉంది. టబ్బు అటు తిరిగింది. లింగమూర్తి ఎగిరి లేచాడు.

“దర్వాజ! దర్వాజ మూయిండ్రి, జల్ది!”

సదయ్య అతని చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. “కూసో. సూడనియ్యి.”

అట్లా అన్నాడే గాని లింగమూర్తి చెయ్యి గట్టిగా పట్టుకునే ఉన్నాడు. పోతే ఆపకూడదనుకున్నాడు. తాబేలు దర్వాజ ముందుకొచ్చింది. గడప అవతల వీధి, వీధి చివర కాలువ, కాలువ దాటితే చెరువు. అంతా తెరిచే ఉంది. అటు తల కూడా తిప్పలేదు. మట్టి కొట్టుకున్న ఒంటితో గడప ముందు నుంచే నడిచి, ఇటుక మెట్లెక్కి, బుడుంగున హౌజులో పడింది.

సదయ్యే ముందు నోరు తెరిచాడు.

“ఉరుకుడు గాదే అది. డ్యూటీ మీద పోయింది. డ్యూటీ దిగి ఇంటికొచ్చింది.”

“ఒంటి నిండ మసి, గట్లనే నీళ్లల్ల దుంకుడు” అంది సారవ్వ. “అచ్చం నీ లెక్కనే.”

సదయ్య పరక తలలు తెచ్చి వేశాడు. నీళ్లు కదిలాయి. ఒకటి మాయమైంది. ఇంకొకటి. లింగమూర్తి వైరు చుట్ట చేతిలోకి తీసుకుని, ఏం చేయాలో తోచక, గచ్చు పెళ్లల తట్టలో పడేశాడు. సారవ్వ మన్ను ఇవతలి కొసన, గుడ్ల జోలికి పోకుండా, గోంగూర విత్తులు చల్లింది.

ఇప్పుడు ఈ లైనులో మన్ను ఉన్న ఇల్లు అదొక్కటే. తక్కినవాళ్లు వచ్చి చూస్తారు, మంచిగున్నదంటారు, ఇంటికి పోయి మళ్లీ గచ్చు కడుగుతారు. మా ఇంట్ల తాబేలు లేదు గదా అంటారు. తాబేలు ఉన్నవాళ్లేమో తీగ విప్పరు. ఈ సాకులు చాలు. తీగ కట్టిన చేయే ముందు తీగ విప్పాలి. పోతున్నది అని అరిచే ముందు అది ఎందుకు పోతున్నదో కూర్చుని చూడాలి. చూశాక గడ్డపార పట్టాలి. లింగమూర్తి ఇంట్లో పెద్ద సుత్తె ఉంది, అడిగితే ఇస్తాడు. మంచం పట్టేంత మేర చాలు. రేపు కాదు, పండుగ అయ్యాక కాదు. వాన పదును ఆరకముందే, ఈ పూటే లేచి మీ గచ్చు పగలగొట్టండి.